కాత్రెల్‌కి కొత్త చక్రాలు

"మూడున్నాయా లేదా? నువ్వే లెక్కపెట్టు పెద్దమ్మా! ఒకటి, రెండు, మూడు!"

షఫీఖ్ తను కొనుక్కొచ్చిన చక్రాన్ని వాకిట్లో నిలబెట్టి, నడుమనున్న రంధ్రాల్లో ఒక్కొక్కదాన్లోనూ వేలు దూర్చి చూపిస్తున్నాడు. మిగతా మూడు చక్రాలూ గోడకి ఆనుకుని తళతళలాడుతున్నాయి. వాటికెదురుగా, ద్రాక్షపందిరి కింద, నాలుగు రాళ్ల మీద కూర్చుని ఉంది వాళ్లమ్మ జులీఖా కారు. కాగితాల మీద దాని పేరు రెనో నాలుగు. త్లెమ్‌సెన్ ఊళ్లో అందరి నోటా కాత్రెల్.

"మూడుంటే అయిపోయిందా?" అంది బద్రా, జులీఖా అక్క. అరుగు మీద ఆవిడ కూర్చుంటే ఇంకొకరికి చోటుండదు. "మీ పెదనాన్నకీ రెండు కాళ్లే, నాకూ రెండు కాళ్లే. ఆయన పంట్లాం నాకెక్కుతుందట్రా?"

వంటింట్లో ఆడవాళ్లంతా ఒక్కసారి గొల్లుమన్నారు. షఫీఖ్ మొహం కందగడ్డయింది.

వాడి తప్పు కూడా అంత పెద్దదేం కాదు. మూడు బోల్టుల చక్రాలు ఆ దేశంలో ఒకటి రెండు రకాల పాత ఫ్రెంచి కార్లకే ఉంటాయి. మూడు రంధ్రాలున్న చక్రం కనబడితే చాలు, ఇక మనదేననుకున్నాడు. అది పాత సిత్రోయెన్‌ది. రంధ్రాల లెక్క సరిపోయింది. వాటి మధ్య ఎడం సరిపోలేదు. కాత్రెల్ బోల్టులు దగ్గర దగ్గరగా ఉన్నాయి, ఈ చక్రం రంధ్రాలు దూరదూరంగా ఉన్నాయి. ఒక బోల్టుకి తగిలిస్తే రెండోది తప్పించుకుంటోంది.

"రేపు మధ్యాహ్నానికి పెళ్లివారి కార్లు దిగుతాయి," అంది బద్రా. "ఇది ఇంకా రాళ్ల మీదే ఉంది. చెల్లెల్ని రాళ్ల మీదే సాగనంపుతావా?"

"పాత చక్రాలే వేసేస్తే పోలా?"

"టైర్ల కొట్టు మీలూద్ ఏమన్నాడో మరిచిపోయావా? ఆ రిమ్ములు తుప్పు తిని, బోల్టు రంధ్రాలు సాగిపోయి గుడ్లలా ఉన్నాయన్నాడు. టైర్లేమో పగిలిన మడమల్లా ఉన్నాయి. వాటిని బిగిస్తే అల్లా దగ్గర తనే జవాబు చెప్పుకోవాలన్నాడు."

అప్పుడు మెట్ల మీద నుంచి పెళ్లికూతురు దిగింది. నస్సీమా రెండు చేతులకీ రాత్రి పెట్టిన గోరింటాకు ఇంకా విప్పలేదు. ఎర్ర శాటిన్ సంచుల్లో ముడిచిన పిడికిళ్లతో, కుస్తీకి వస్తున్నదానిలా నిలబడింది.

"చక్రాలు దొరికాయా?"

షఫీఖ్ తను తెచ్చిన చక్రాన్ని వెనక్కి దాచబోయాడు.

"దొరక్కపోతే నేను కదలను. నిన్న అందరి ముందూ చెప్పాను, ఇవాళా చెప్తున్నాను. నేను మా అమ్మ కారులోనే వెళ్తాను. మా అమ్మే నడుపుతుంది."

"మీ అత్తగారు ఖీరా వాళ్లు తెల్ల కారు తెస్తున్నారే. పూలతో, రిబ్బన్లతో..."

"ఆ పూలన్నీ వాళ్లే పెట్టుకోమను, పెద్దమ్మా."

వంటింటి గుమ్మంలో నిలబడి ఇదంతా వింటున్న జులీఖా లోపలికి వెళ్లిపోయింది. రొట్టెల పిండి మీద పడి కుమ్మడం మొదలుపెట్టింది.

ఆ ఊళ్లో పెళ్లికూతురి తల్లి గడప దాటదు. అత్తారింటికి కూతురి వెంట పిన్నులు వెళ్తారు, మేనత్తలు వెళ్తారు, ఇరుగమ్మలూ పొరుగమ్మలూ వెళ్తారు. తల్లి మాత్రం ఇంట్లోనే ఉండి, ఖాళీ అయిన గదిని చూసుకుంటూ కూర్చోవాలి. ఎప్పట్నుంచో అంతే. జులీఖా పెళ్లికి వాళ్లమ్మా అలాగే కూర్చుంది.

గోరింటాకు వేడుకలో నస్సీమా ఆ ఆచారానికి ఒక సందు కనిపెట్టింది. "తల్లి రాకూడదు, సరే. డ్రైవరు రావచ్చుగా? డ్రైవరు లేకుండా కారెలా వస్తుంది?" అంది. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. అక్కడున్న ఆడబిడ్డ కూడా నవ్వింది. నవ్వి, ఆ మాట ఎల్ ఉబ్బాద్ కొండ మీదున్న తల్లి ఖీరాకి మోసింది. అక్కణ్ణుంచి ఇంతవరకూ ఔననీ రాలేదు, కాదనీ రాలేదు.

జులీఖా పైకి "పిచ్చిపిల్ల" అని కొట్టిపారేసింది. కానీ రాత్రంతా ఆవిడ కుడికాలు దుప్పట్లో బ్రేకు తొక్కుతూనే ఉంది. ఆ కారులోనే కదూ ఆవిడ చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగి పురుళ్లు పోసింది! వానలో, మంచులో, మట్టిదారుల్లో. కడుపులో ఉండగానే ఆ హారను విన్నవాళ్లు ఊళ్లో వందలమంది ఉన్నారు. అందరి బిడ్డల దగ్గరికీ తీసుకెళ్లిన కారు తన బిడ్డని ఒక్కసారి తీసుకెళ్తే చాలు. కొండ మీద ఆ గుమ్మం దాకా. అంతకన్నా ఆవిడకేం అక్కర్లేదు. ఆ ఒక్కటీ కావాలని మాత్రం ఒళ్లంతా కోరుకుంటోంది.

"ఇక్కడ నిలబడి అరుచుకుంటే చక్రాలు మొలుస్తాయా?" అంటూ బద్రా లేచింది. "ఒరేయ్, మీలూద్ దగ్గరికి పదండి. కానీ ఈసారి కొలత తీసుకునే పోదాం."

"దేంతో తీస్తావ్ పెద్దమ్మా?"

బద్రా వంటింట్లోకి వెళ్లింది. జులీఖా చేతికింది పిండిలోంచి ఓ పెద్ద ముద్ద లాక్కుని పళ్లెంలో చదును చేసింది. వాకిట్లోకి వచ్చి, చక్రం లేని బ్రేకు డ్రమ్ముకేసి ఆ పిండిని అద్దింది. తీసి చూస్తే మూడు బోల్టుల గుర్తులూ ముద్రల్లా దిగాయి.

"చూడండి. టైలరు కొలత తీసినట్టు లేదూ?" అని పళ్లెం మీద తడిగుడ్డ కప్పింది. ఆవిడ తెలివికి అందరూ ముక్కున వేలేసుకున్నారు. జులీఖాకి కూడా ఆ క్షణంలో అనుమానం రాలేదు.

*

మీలూద్ టైర్ల కొట్టు ఊరి చివర, మన్సూరా దారిలో ఉంది. కొట్టు ముందు కన్నా కొట్టు వెనకే సరుకెక్కువ. మూలపడ్డ కార్లకి ఊడదీసిన చక్రాలన్నీ అక్కడ కుప్పలుగా పేర్చి ఉన్నాయి.

స్నేహితుడి వ్యానులో షఫీఖ్, జులీఖా, బద్రా ముగ్గురూ దిగారు. జూన్ ఎండ. పళ్లెం దారి పొడుగునా బద్రా ఒళ్లోనే ఉంది.

"రండి లల్లా జులీఖా!" అని మర్యాదగా పిలుస్తూ మీలూద్ చేతులు తుడుచుకుని ఎదురొచ్చాడు. "మీ కాత్రెల్ కోసమేనా?"

"కొలత తెచ్చాం," అంది బద్రా గర్వంగా. గుడ్డ తీసింది.

పిండి పొంగింది. బాగా పొంగింది. పళ్లెం అంచు దాటి, దిండులా ఉబ్బి కూర్చుంది. మూడు గుంటలూ సాగి, ఒకదానికొకటి దూరం జరిగి, అచ్చం షఫీఖ్ తెచ్చిన చక్రం రంధ్రాలంత ఎడం అయ్యాయి.

మీలూద్ పిండికేసి చూశాడు. బద్రాకేసి చూశాడు. మళ్లీ పిండికేసి చూశాడు.

"పులిసిన పిండా లల్లా?"

"రొట్టెల పిండి," అంది బద్రా చిన్నగొంతుతో.

జులీఖా ముందు నవ్వింది. కొట్టు గుమ్మానికి చేరగిలబడి, కళ్లమ్మట నీళ్లు కారేలా నవ్వింది. ఈ పెళ్లి మాట ఖాయమైన రోజు నుంచీ ఆవిడ అలా నవ్వడం ఎవరూ చూడలేదు. మీలూద్ నవ్వాడు, షఫీఖ్ నవ్వాడు, చివరికి బద్రాకి కూడా ఆగలేదు. పళ్లెంతో సహా ఊగిపోయింది.

"పక్కన రొట్టెల భట్టీ ఉంది. కాల్చుకొద్దాం, వేస్టెందుకు?" అన్నాడు మీలూద్. "అసలు మీకు కొలత దేనికండీ? కాత్రెల్ అంటే చాలు, నిద్రలో లేపి అడిగినా చెప్తా."

పిండి భట్టీకి వెళ్లింది. మీలూద్ వాళ్లని వెనక్కి తీసుకెళ్లి చక్రాల కుప్పల మధ్య నిలబెట్టాడు.

"చూడండి. చక్రం ఎంచుకోవడమంటే ముందు రంధ్రాలెన్ని అని కాదు. ఒకదాన్నుంచి ఒకటి ఎంత ఎడం అని. అది కుదిరాక నడిమి బొక్క. హబ్బు మీద బిగుతుగా కూర్చోవాలి, లేకపోతే బండి వణుకుతుంది. ఆ తర్వాత రిమ్ము ఎంత లోపలికి కూర్చుంటుంది, ఎంత బయటికి పొడుచుకొస్తుంది. ఆ తర్వాత టైరు వెడల్పు. ఇవన్నీ అయ్యాక అప్పుడు అందం."

"పెళ్లిసంబంధం చూస్తున్నట్టు చెప్తున్నావే," అంది బద్రా.

"పెళ్లిలో ఇద్దరూ కాస్త కాస్త సర్దుకుంటారు లల్లా. చక్రం సర్దుకోదు."

కుప్పలోంచి నాలుగేసి చక్రాల జతలు రెండు బయటికొచ్చాయి. రెండూ కాత్రెల్‌కి ఎక్కేవే. మొదటిది రెనో అయిదు అనే పాత కారు చక్రాల జత. ఇనుప రిమ్ములు, బూడిదరంగు. ఏ వంకా లేదు, ఏ వన్నే లేదు. రెండోది ఎవరో కుర్రాడు పందేల సరదాతో తన బండికి వేయించుకున్నది. వెడల్పాటి రిమ్ము, వెండిలా మెరుపు, బలిసిన టైర్లు. షఫీఖ్ దాని ముందు అలాగే గొంతుక్కూర్చుండిపోయాడు.

"అమ్మా, ఇవే."

"రంధ్రాలు సరిపోతాయా?" అంది జులీఖా.

"సరిపోతాయి," అన్నాడు మీలూద్. "నడిమి బొక్కా సరే. కానీ వెడల్పుంది చూశారూ, బరువు పడితే..."

"ఖాళీ బండికి సరిపోతుందిగా?" అన్నాడు షఫీఖ్.

"ఖాళీ బండికి అన్నీ సరిపోతాయి."

జులీఖా ఆ మెరుపుకేసి చూసింది. అబద్ధమెందుకు, ఆవిడకీ మనసయింది. రేపు ఖీరా వాళ్ల తెల్ల కారు పక్కన తన ముసలి కారు నిలబడుతుంది. కొండ మీది ఆడవాళ్లంతా పైనుంచి కిందికి చూస్తారు. కాళ్లయినా కొత్తవైతే చూపు అక్కడాగుతుంది. "ఆచారం తప్పి వచ్చింది, అదీ డొక్కు బండిలో వచ్చింది" అనిపించుకోవడం ఆవిడకిష్టం లేదు.

"రెండు జతలూ వ్యానులో వేయి మీలూద్," అంది. "ఇంటి దగ్గర తొడిగి చూద్దాం."

"టైర్లు?"

"బూడిదరంగు వాటికి సన్నవి కదా వేసేది?"

మీలూద్ ముందు ఒక జత టైర్లు తీశాడు. నల్లగా నిగనిగలాడుతున్నాయి. పక్కన అచ్చేసిన తయారీ తేదీ అంకెల మీద ఉమ్మి రాసి చదివి, తనే మొహం చిట్లించి వెనక్కి విసిరేశాడు. "చూడ్డానికే కొత్తవి. ఒక్క మైలు తిరక్కుండా కొట్టులోనే ముసలైపోయాయి. మీకివ్వను." లోపల్నుంచి ఇంకో నాలుగు తెచ్చాడు. కాత్రెల్ లాంటిదే, వెనక డబ్బాలా ఉండే సామాన్ల బండి ఉంటుంది చూశారూ, దానికి వేసే కొలత. మామూలు దాని కన్నా వేలెడు లావు. ఆ రిమ్ముకి పడుతుంది, బరువూ మోస్తుంది. ఇవి నిరుడు పోతపోసినవి.

ఈలోగా రొట్టె కాలి వచ్చింది. మూడు గుంటల రొట్టె. ఆలివ్ నూనెలో అద్దుకుని టైర్ల మధ్యే నిలబడి తినేశారు. పెళ్లింటి రొట్టెలన్నిట్లోకీ అదే రుచిగా ఉందని బద్రా చాన్నాళ్లు చెప్పుకుంది.

*

సాయంత్రానికి కాత్రెల్ నేల మీద నిలబడింది. మెరిసే చక్రాల మీద.

చాన్నాళ్లకి అది నేల మీద నిలబడటం చూసి వీధివీధంతా గుమ్మాల్లోకి వచ్చింది. ఎవరో సంబరంగా యూయూ అని నాలుకాడించారు. దానికి జవాబుగా మేడల మీద నుంచి నాలుగు గొంతులు లేచాయి. నస్సీమా పిడికిళ్ల సంచులతోనే చప్పట్లు కొట్టింది, చప్పుడు రాలేదు.

"అదిరిపోయింది!" అన్నాడు షఫీఖ్.

మీలూద్ మాత్రం నేల మీద బోర్లా పడుకుని చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య వేలు పెట్టి చూస్తున్నాడు. లేచి, "రేపు ఇందులో ఎవరెవరు కూర్చుంటారు?" అనడిగాడు.

"నేను," అంది నస్సీమా. "పెద్దమ్మ. ఇద్దరు మేనత్తలు. వెనక నా పెట్టెలు, మిఠాయి పళ్లాలు."

"అయితే ఎక్కండి."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. బట్టలు కొలిచి చూసుకుంటాం కదా, బండినీ అలాగే చూసుకోవాలి. ఎల్ ఉబ్బాద్ ఎత్తు మీద బరువంతా వెనక చక్రాల మీదే పడుతుంది."

బద్రా ముందు కూర్చుంది. మేనత్తలిద్దరూ వెనకెక్కారు. నస్సీమాని మధ్యలో కుక్కారు. డిక్కీలో పెట్టెల బదులు రెండు బస్తాల రవ్వ వేశారు. లోపల చోటు చాలక ఒకరి మోచెయ్యి ఇంకొకరి పక్కలో గుచ్చుకుంటూంటే, ఊరికే కూర్చోవడమెందుకని మేనత్తలు పెళ్లిపాట ఎత్తుకున్నారు. జులీఖా స్టీరింగు ముందు కూర్చుని ఇంజిను వేసింది. అది దగ్గింది, తుమ్మింది, ఆ తర్వాత తన పాత గొంతుతో పాడింది. జులీఖాకి కళ్లు చెమ్మగిల్లాయి. ఎవరూ చూడకుండా అద్దం సర్దుకుంది.

వీధి మొగలో మురుగునీళ్ల కాలవ మీద ఒక మిట్ట ఉంది. దాని మీదికి ఎక్కగానే బండి వెనక భాగం కుంగింది. గర్ర్... మని చప్పుడు. పాట ఆగింది. స్టీరింగు పూర్తిగా తిప్పితే ముందు నుంచి కూడా అదే చప్పుడు. రబ్బరు కాలిన వాసన వచ్చింది.

"రాసుకుంటోంది," అన్నాడు మీలూద్.

"కొంచెమేగా!" అన్నాడు షఫీఖ్. "మడ్‌గార్డు అంచు కాస్త సుత్తితో కొట్టేస్తే?"

"ఆ రేకు ముట్టుకుంటే పొడైపోతుంది బాబూ. టైరు కోసుకుపోతే ఎత్తు మధ్యలో దిగబడతారు, పెళ్లికూతురితో సహా."

"బరువు తగ్గిస్తే?" అన్నాడు షఫీఖ్. అని, ఆలోచన లేకుండా ముందు సీటుకేసి చూశాడు.

మేనత్తలు కిటికీల్లోంచి అటూ ఇటూ చూశారు. బద్రా ఆ చూపు చూసింది. అంత నోరున్న మనిషి ఒక్క మాట కూడా అనకుండా తలుపు తీసుకుని, ఒళ్లు కూడదీసుకుని, మెల్లగా దిగింది.

"నేను తెల్ల కారులో వస్తాలే," అంది. "లేకపోతే ఇంట్లోనే ఉంటాను. ఎవరో ఒకరు ఉండాలిగా."

"పెద్దమ్మా, నా ఉద్దేశం అది కాదు..."

"నీ ఉద్దేశం ఏదైతేనేంరా. చక్రం చెప్పిందిగా."

జులీఖా ఇంజిను ఆపేసింది. కారు దిగి అక్క ఎదుట నిలబడింది. కొడుకుని తిడుతుందేమోనని అందరూ ఎదురుచూశారు. ఆవిడ మీలూద్ వైపు తిరిగింది.

"తీసెయ్."

"అమ్మా! అంత అందంగా..."

"మా అక్కని దింపి నేను ఎవరికి మెరుపులు చూపించాలి?" అంది జులీఖా. "ఇది నా బిడ్డని మోసుకెళ్లే బండి. నా వాళ్లందరినీ మోయగల చక్రాలే దీనికి కావాలి. దిగేది చక్రాలు, మా అక్క కాదు. బూడిదరంగువి వేయి."

బద్రా చెల్లెలి భుజం మీద ఒక్కటి చరిచింది. ఆ దెబ్బకి జులీఖా ఓ అడుగు తూలింది. నస్సీమా కిటికీలోంచి పిడికిలి బయటపెట్టి "మా పెద్దమ్మ బరువే మా పరువు!" అని అరిచింది. అప్పుడు నవ్వారందరూ, షఫీఖ్ అందరికన్నా చివర.

బూడిదరంగు చక్రాలెక్కాయి. అందరూ మళ్లీ ఎక్కారు, ఈసారి పక్కింటావిడని కూడా బలవంతాన కుక్కారు. మిట్ట ఎక్కి దిగారు. స్టీరింగు కుడికి పూర్తిగా, ఎడమకి పూర్తిగా తిప్పారు. పాట తప్ప ఇంకే చప్పుడూ లేదు. మీలూద్ నట్లు మరోసారి బిగించి, "ఇక మక్కా దాకా పోవచ్చు" అన్నాడు.

చీకటి పడేలోగా షఫీఖ్ ఎవరూ చెప్పకుండానే కిటికీ ఊచలకి వేయగా మిగిలిన తెల్ల రంగు తెచ్చాడు. నాలుగు రిమ్ములకీ ఒక్కడే కూర్చుని పూత వేశాడు. పెద్దమ్మ కూర్చునే పక్క చక్రానికి రెండు పూతలు వేశాడు.

*

మర్నాడు మధ్యాహ్నపు ప్రార్థన వేళ దాటగానే వీధి మొగలో హారన్లు మోగాయి.

ముందు తెల్ల కారు, దాని వెనక పొడుగాటి వరస. డోళ్లు, గైతా సన్నాయి. తెల్ల కారులోంచి ఖీరా దిగింది. పొడుగాటి మనిషి, తక్కువ మాటలు. నవ్వినా కోప్పడినా కనుబొమ్మ ఒకలాగే ఉంటుందని ఊళ్లో పేరు.

నస్సీమా గుమ్మంలోకి వచ్చింది. తండ్రి లేడు. కానీ ఆయన తెల్లటి ఉన్ని పైవస్త్రం, బుర్నూస్, షఫీఖ్ భుజాల మీద ఉంది. ఆచారం ప్రకారం దాని అంచు కింద నుంచి, అన్న చెయ్యి కింద నుంచి పెళ్లికూతురు బయటికి నడిచింది. తెల్ల కారుకేసి కాకుండా తిన్నగా కాత్రెల్ దగ్గరికి వెళ్లి నిలబడింది. డ్రైవరు సీట్లో జులీఖా ఉంది. కొత్త కఫ్తాను అంగీ, తలకి పట్టుగుడ్డ, చేతులు స్టీరింగు మీద.

డోళ్లు ఆగాయి.

ఖీరా కాత్రెల్ చుట్టూ ఒకసారి నడిచింది. బానెట్టు మీది జాజిపూలు చూసింది. తెల్లరంగు చక్రాలు చూసింది. ఆవిడ వెంట వచ్చిన ముసలావిడ ఒకరు "తల్లి కూర్చుందేమిటే స్టీరింగు ముందు?" అని అందరికీ వినబడేలా గొణిగింది.

జులీఖా తలుపు తీసుకుని కిందికి దిగింది.

"వదినా, ఆచారం నాకూ తెలుసు," అంది. నిన్నంతా నవ్విన గొంతు అదేనా అనిపించింది. "చిన్నపిల్ల ఏదో ముచ్చటపడింది. షఫీఖ్ నడుపుతాడు. నేను ఇంట్లో ఉంటాను."

"అయితే నేనూ ఇంట్లోనే ఉంటాను," అంది బుర్నూస్ లోపల్నుంచి నస్సీమా.

"నువ్వు నోర్ముయ్యవే!"

"నేను ముయ్యను."

వీధి అంతా చెవులు రిక్కించింది. ఖీరా కనుబొమ్మ కదల్లేదు. ఆవిడ షఫీఖ్ వైపు తిరిగింది.

"బాబూ, ఈ బండి ఎన్నిసార్లు నడిపావ్?"

"నేనా అత్తా... ఇంతవరకూ ఒక్కసారీ లేదు. అమ్మ ముట్టుకోనివ్వదు."

"మా కొండ ఎత్తు తెలుసుగా?"

"తెలుసు."

"అయితే నా కోడల్ని నీ చేతికి ఇవ్వను," అంది ఖీరా. ముందు తలుపు తీసింది. అందులో కూర్చోవాల్సిన బద్రాని వెనక్కి పొమ్మని చేత్తో సైగ చేసి తనే ఎక్కి కూర్చుంది. "ఎక్కు వదినా. ఎండలో పిల్ల వాడిపోతోంది. మా గుమ్మం దాకా నువ్వు డ్రైవరువి."

జులీఖాకి ఆ మాట అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. బద్రాకి వెంటనే అర్థమైంది. ఆవిడ తీసిన యూయూకి పందిరి మీది పిచ్చుకలన్నీ ఎగిరిపోయాయి.

కాత్రెల్ ముందు నడిచింది, తెల్ల కారు ఖాళీగా వెనక నడిచింది. నిన్న సరిచూసుకున్న బరువు కన్నా ఇవాళ ఇంకాస్త ఎక్కువే ఉంది. మిట్ట మీద బండి కుంగినప్పుడు జులీఖా ఊపిరి బిగబట్టింది. చప్పుడు లేదు. చెర్రీతోటల పక్క నుంచి, మలుపు తర్వాత మలుపు, రెండో గేరులో కొండెక్కారు. పిల్లలు పరిగెత్తుతూ వెంటపడ్డారు. ఒక దుకాణం ముందు ముసలాయన లేచి, "అదుగో మన మంత్రసాని బండి!" అని చెయ్యూపాడు. వెనక సీట్లో పాట ఆగలేదు. జులీఖా నవ్వుతోంది, ఏడుస్తోంది, గేరు మారుస్తోంది. పక్కన ఖీరా తిన్నగా రోడ్డుకేసే చూస్తూ కూర్చుంది. ఒక్కసారి మాత్రం, "బండి మెత్తగా పోతోంది," అంది.

ఇంటి ముందు బండి ఆగింది. పాలు, ఖర్జూరాలు పళ్లెంలో పట్టుకుని మెట్ల మీద ఆడవాళ్లు సిద్ధంగా ఉన్నారు. జులీఖా ఇంజిను ఆపి వెనక్కి తిరిగింది. దిగబోతూ నస్సీమా ముందుకి వంగి తల్లి చెంపకి చెంప ఆనించింది. ఎర్రగా పండిన గోరింటాకు చేత్తో ఆవిడ తలగుడ్డ సర్దింది. తర్వాత దిగి, వెనక కార్లో వచ్చిన అన్న బుర్నూస్ అంచు కింద మెట్ల వైపు నడిచింది.

చాలు, అనుకుంది జులీఖా. కోరుకున్నది దొరికింది. గుమ్మం దాకా వచ్చింది. ఇక బండి తిప్పుకుని, కిందికి దిగి, ఆ ఖాళీ గదిలోకి వెళ్లాలి.

తాళంచెవి తిప్పబోయింది. అక్కడ తాళంచెవి లేదు.

కిటికీ అవతల, ఎప్పుడు దిగిందో, ఖీరా నిలబడి ఉంది. చేతిలో తాళంచెవి. జులీఖా చూస్తూండగానే దాన్ని కఫ్తాను మెడలోంచి లోపలికి జారవిడిచింది.

"వదినా, తాళం..."

"ఏ తాళం?"

"నేను వెళ్లాలి వదినా. పెద్దవాళ్లు చూస్తున్నారు. తల్లి గడప దాటకూడదు కదా."

"తల్లి దాటకూడదు," అంది ఖీరా. కనుబొమ్మ అలాగే ఉంది, గొంతు మాత్రం అలా లేదు. "అంత ఎత్తు ఎక్కించిన డ్రైవర్ని ఆకలితో వెనక్కి పంపిస్తే మా ఇంటి పరువేం కాను? నా పెళ్లినాడు మా అమ్మ కిందే ఉండిపోయింది. ఆ పూట నేను ముద్ద ముట్టలేదు. నా కోడలు తినాలి."

అని వెనక్కి చూడకుండా మెట్లెక్కింది.

మెట్ల మీద ముసలమ్మలు ఒకరి చెవిలో ఒకరు ఏదో అనుకుంటున్నారు. వాళ్ల మధ్య నుంచి, గడప మీద, పాలగిన్నె పెదవులకి తగలకముందే నస్సీమా వెనక్కి తిరిగి చూసింది. గిన్నె పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. డోళ్లవాళ్లు కూడా కర్రలు ఎత్తి పట్టుకుని కారు వైపే చూస్తున్నారు.

జులీఖా తలుపు తెరిచింది. ఒక కాలు కింద పెట్టింది. రెండో కాలు ఇంకా కారులోనే ఉంది.